బండిలో మేనత్త జాగా

పోయిన నెల ఒక పొద్దున, మా అమ్మాయికి జడ వేస్తుంటే తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త ఇంటి పక్కావిడ. "చాయ్ ఇద్దామని పోయిన బిడ్డా. ఎంత పిలిచినా పలుకలే. ఆమె కుక్క చుక్క గూడ మంచం కిందికెళ్లి బయటికి వస్తలేదు" అని చెప్పి ఏడ్చేసింది. జడ సగంలో వదిలి బండి తాళాలు తీసుకున్నాను. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోయింది ఆయన అక్క. నేనేమీ చెప్పలేదు, నా గొంతు విని ఆయనే అర్థం చేసుకున్నాడు. వికారాబాద్ నుంచి తాండూరు దాకా బండి ఎక్కడా ఆపకుండా నడిపాను. వెనకాల మా కుక్క జాకీ మాత్రం ఎప్పటిలాగే కిటికీకి ముక్కు ఆనించి అద్దమంతా మసక చేస్తూ కూర్చుంది.

మర్పల్లి నుంచి, నవాబుపేట నుంచి చుట్టాలంతా బస్సుల్లో, ఆటోల్లో వచ్చారు. ఇంటి ముందు నిలబెట్టిన మా పొడుగాటి తెల్ల వ్యానునూ, అందులోంచి దిగిన కుక్కనూ చూసి ఒక పెద్దాయన ముఖం చిట్లించాడు. "సావుకాడికి కుక్కను గూడ తోల్కొచ్చిండ్రా?" అన్నాడు. నాకు చుర్రుమంది. ఆ బండి మేము ఎందుకు కొన్నామో, ఎవరి కోసం కొన్నామో విడమరిచి చెప్పే ఓపిక ఆ రోజు లేకపోయింది. ఇవాళ ఉంది. అందుకే రాస్తున్నాను.

మా మేనత్త మర్పల్లి దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్లయి తాండూరు వచ్చింది. మామయ్య బండల పాలిషింగ్ యూనిట్ నడిపేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పోయాక కొన్నేళ్లు తనే యూనిట్ చూసుకుని, మోకాళ్లు మొరాయించాక భాగస్వామికి అప్పగించింది. యూనిట్ నుంచి ఆమె ఇంటికి తెచ్చుకున్నది ఒక్క చుక్కనే. రాతి పొడిలో పొర్లి బూడిద రంగులో ఉన్న కుక్కపిల్లను తెచ్చి స్నానం చేయిస్తే, నల్లగా, నుదుట తెల్లటి మచ్చతో బయటపడింది. "కడిగితే గాని తెలువలే ఇది ఏం రంగో" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని నవ్వేది.

ఆమె ఇల్లంతా నీలం రంగు తాండూరు బండలే. అన్నీ రెండడుగులకు రెండడుగులు. ఊళ్లో మిగతావాళ్లు అడుగుల్లో, గజాల్లో కొలుచుకుంటే మా మేనత్త ప్రతిదాన్నీ బండల్లోనే కొలిచేది. మంచం మూడు బండల పొడుగు. పెళ్లికి పంక్తి వేయాలంటే మనిషికి ఒక బండ, లావుపాటి వాళ్లయితే ఒకటిన్నర. నన్ను పదో తరగతి నుంచీ "రెండున్నర బండల పిల్ల" అనేది. నేను అంతకు మించి పెరగనూ లేదు.

ఎవరింట్లో పని పడినా ఆమే ముందుండి అందర్నీ కూర్చోబెట్టేది. "జర జరుగుండ్రి, ఇంకొకలు పడతరు" అంటూ వరుసల మధ్య తిరుగుతుంటే, నిజంగానే ఇంకొకరు పట్టేవారు. తను మాత్రం కూర్చునేది కాదు. అడిగితే "ముందు అందరు కూసోని" అనేది. అందరూ తినేసి లేచాక వంటింటి గడప దగ్గర నిలబడి, పళ్లెం చేత్తో పట్టుకుని రెండు ముద్దలు తినేది. మా పెళ్లి ఆల్బం మొత్తం వెతికితే ఆమె ముఖం ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఒకచోట స్వీటు వడ్డిస్తున్న చేయి కనబడుతుంది, ఆ ఆకుపచ్చ గాజులు చూసి పోల్చుకోవాలి.

మాకు ఈ క్యాంపింగ్ పిచ్చి పట్టింది అందరూ ఇళ్లల్లో కూర్చున్న కరోనా కాలం తర్వాత. మా ఆయన లెక్కల మాస్టారు. ఒక రోజు ఒక గుడారం కొనుక్కొచ్చి హాల్లో వేశాడు. మా అమ్మాయీ, జాకీ అందులోంచి మూడు రోజులు బయటికి రాలేదు. ఇక తప్పక, కోట్‌పల్లి చెరువు వెనకవైపు నాన్నకు తెలిసిన రైతు ఒకాయన్ని అడిగి, ఆయన కంది చేను పక్కనున్న బీడులో గుడారం వేసుకోవడం మొదలుపెట్టాం. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్న నాన్న కూడా వచ్చేవాడు. ఇంట్లో ముభావంగా ఉండే మనిషి అక్కడికి వస్తే పొయ్యి రాళ్లు పేర్చడం దగ్గర నుంచి అన్నీ తనే చేసేవాడు.

ఈ సంగతి వినగానే మా మేనత్త పగలబడి నవ్వింది. "చేన్ల పండుకునుడుకు గింత తతంగమా? మా నాయిన కందిచేనుకు కావలి పోయేటోడు. పందులు పడతయని రాత్రంత ఆడ్నే. ఎడ్లబండి మీద గడ్డి పరుసుకొని పండుకునేటోళ్లు. మరి గది క్యాంపింగ్ కాదా?"

"నువ్వూ పోయేదానివా అత్తా?" అని మా అమ్మాయి వయసులో నేనైతే అడిగేదాన్నేమో. ఇప్పుడు మా అమ్మాయే అడిగింది. "నువ్వు గూడ పోయినవా అమ్మమ్మా?"

"ఏడ బిడ్డా! మీ తాతను, మీ తాత అన్నలను తోల్కపోయేటోడు. నేనొస్త అంటే బండిల జాగ లేదు బిడ్డా, మళ్లసారి అనేటోడు." అని మళ్లీ నవ్వింది. "కుక్కకైతె బండి కింద జాగ ఉండె. చక్రాల నడుమ నీడకు నడుసుకుంట పోయేది. నేను గేటు కాడ నిలబడి సూసేదాన్ని."

నవ్వుతూ చెప్పింది కాబట్టి మేమూ నవ్వాం. నాన్న నవ్వలేదు. ఆ రోజు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

అప్పట్లో మాది చిన్న కారు. నలుగురం కూర్చుంటే జాకీని అమ్మాయి కాళ్ల దగ్గర ఇరికించాలి. జాకీ లాబ్రడార్, చిన్నదేం కాదు. గుడారం నా సీటు వెనక, నీళ్ల క్యాను నాన్న ఒళ్లో. క్యాంపుకు పోయేముందు తాండూరు వెళ్లి మేనత్తను పలకరించడం మాకు అలవాటు. ఆమె జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, పల్లీల పొడి కట్టి ఇచ్చేది. చివర్లో చుక్కను కూడా ఎత్తి కారులో పెట్టేది. "దీనికి జర తిరుగుడు గావాలె. తోల్కపోండ్రి." నువ్వూ రా అత్తా అంటే, కారు లోపలికి ఒకసారి చూసి, "నేనేడున్న ఒకటే. సర్దుకుంటే మీరే పడతరు" అనేది. కారు వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే ఉండేది.

జాకీకి వెనక కాళ్లు పట్టేయడం మొదలయ్యాక పెద్ద బండి కొనక తప్పలేదు. ఎత్తు నుంచి దూకనివ్వొద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. ముడుచుకుని కూర్చోబెట్టినా నొప్పే. మా ఆయన ఏది కొనాలన్నా పరీక్షకు చదివినట్టు చదువుతాడు. నెలల తరబడి వీడియోలు చూశాడు. అన్నం తింటూ కూడా గ్రౌండ్ క్లియరెన్స్ గురించే మాట్లాడేవాడు. చివరికి కొండలెక్కే ఎత్తైన బండి ఒకటి మనసులో పెట్టుకున్నాడు. అనంతగిరి గుట్టల మలుపుల్లో దాన్ని తిప్పాల్సింది నేను. ఆయనకు డ్రైవింగ్ అంటే భయం. భయపడేవాళ్లకే పెద్ద బండ్ల మీద మోజు ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఇంట్లో ఏ పెద్ద వస్తువైనా మేనత్త చూడనిదే కొనం. షోరూముకు ఆమెనూ తీసుకెళ్లాం. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తీయించి, లోపలి నేల మీద చేయి ఆనించి మూర వేసుకుంటూ కొలిచింది. అమ్మే కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. "కుక్కలకు గీ డిక్కీ మస్తుంటదమ్మా. చానమంది గిట్లనే పెడుతున్నరు."

"ఏసీ గాలి గీడిదాక వస్తదా?"

"రాదమ్మా. ముందర రెండు వరుసలకే."

"మరి ఎండకాలం ఎట్ల బిడ్డా? కుక్క సామాను గాదు గద."

అతను చేతిలోని కాగితాలు తిరగేశాడు. ఆమె అంతటితో ఆగక, బండి నేల తన నడుముకు వస్తోందని చూపించి, "జాకీ గింత ఎత్తెక్కుతదా అల్లుడా?" అని మా ఆయన్ని అడిగింది. ఏటవాలు పలక ఒకటి దొరుకుతుందనీ, దాని మీద నడిచి ఎక్కొచ్చనీ ఆయన చెప్పబోయాడు. "తాండూరుకెళ్లి బండ తెచ్చి ఆనిస్త తియ్యి" అందామె. షోరూములో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన మాత్రం ఇంటికొచ్చేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

తర్వాత ఆయనే వెతికి ఇంకో బండి తేల్చాడు. ఏడు సీట్లది, నేల అంత ఎత్తు లేదు, గాలి వెనకదాకా వస్తుంది. దాని కొలతలున్న కాగితం పట్టుకుని ఒక ఆదివారం తాండూరు వెళ్లాం. మేనత్త కాగితం చూడలేదు. "అంకెలు నాకు సమజ్ కావు. సదువు, బండల మీద గీస్త" అని ముగ్గు డబ్బా తెచ్చింది. మా ఆయన పొడుగు, వెడల్పు చదువుతుంటే, ఆమె వాటిని బండల్లోకి మార్చుకుంటూ వాకిట్లో ముగ్గుపిండితో బండి ఆకారం గీసేసింది. ముందు డ్రైవర్ సీటు, పక్కన ఇంకోటి, వెనక సీట్లు, తలుపులు. వెనక చక్రాలు లోపలికి పొడుచుకొచ్చే చోట రెండు సున్నాలు కూడా పెట్టింది.

ఇక మమ్మల్ని అందులోకి ఎక్కించింది. డ్రైవర్ జాగాలో పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. మా ఆయన నా పక్కన. వెనక పీట మీద నాన్న, ఆయన పక్కన అమ్మాయి. జాకీని పిలిచి పడుకోబెడితే అది కాళ్లు బారచాపి బండన్నర ఆక్రమించింది. చుక్క సున్నా పక్కన ముడుచుకుంది. గుడారం, నీళ్ల క్యాను, గ్యాస్ పొయ్యి, దుప్పట్ల మూట అన్నీ ఇంట్లోంచి తెచ్చి గీత దాటకుండా సర్దింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. "ఏం జేస్తున్నరు పెద్దమ్మా?" అని ఒకామె అడిగితే, "కారు కొంటున్నం" అని మేనత్త బదులిచ్చింది. ఆమె ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

"మస్తు పట్టిండ్రు!" అని మేనత్త చేతులు దులుపుకుంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "రేపే బుక్ చేద్దాం" అన్నాడు. నేను గాల్లో స్టీరింగు తిప్పుతూ హారన్ కొట్టాను. నాన్న కూడా బాగుందన్నట్టు తల ఊపాడు.

అప్పుడు మా అమ్మాయి వెనక నుంచి అడిగింది. "మరి అమ్మమ్మ ఏడ కూసుంటది?"

అందరం తల తిప్పి చూశాం. మేనత్త ముగ్గు డబ్బా పట్టుకుని గీతకు అవతల నిలబడి ఉంది. గీసేవాళ్లు బయటే ఉంటారు కదా, అందుకని ఆమెను లెక్కలో వేసుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. కుక్కకు జాగా, పొయ్యికి జాగా, దుప్పట్ల మూటకు జాగా కొలిచిన మనిషికి తన జాగా గుర్తుకు రాలేదు.

"నాకెందుకు బిడ్డా? నేను ఇల్లు సూసుకుంట" అందామె తేలిగ్గా.

నాన్న పీట మీంచి లేచాడు. ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు, ఆ రోజు కూడా పెంచలేదు. "అక్కా, గప్పుడు గూడ గిట్లనే నిలబడ్డవు. బండిల జాగ ఉండె. నాయిన పక్కకు గడ్డి మోపు ఏసేటోడు. గది తీస్తె నువ్వు పడుతుంటివి. ఎవలం తియ్యలే."

"ఊకో తమ్మీ. గప్పటి ముచ్చట గిప్పుడెందుకు" అని ఆమె వంటింట్లోకి వెళ్లింది. చాయ్ పెడుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపటిదాకా చాయ్ రాలేదు.

నేను కోపం తొందరగా వచ్చే మనిషిని. అప్పుడు కోపం ఎవరి మీద వచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చీపురు తెచ్చి ఆ ముగ్గంతా ఊడ్చేశాను. డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, "రా. నువ్వు కూర్చుంటే గాని గీత గీయను. నువ్వు పట్టని బండి మాకొద్దు. గుడారం కూడా ఎవరికైనా ఇచ్చేస్తాం" అన్నాను. పొయ్యి కట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆమె నన్ను చూసింది. "పిచ్చిగిట్ల లేసిందా పోరీ నీకు?" అంది. అయినా వచ్చింది.

వాకిట్లో పీట వేసి, "ఎక్కడ కూర్చుంటావో నువ్వే చెప్పు" అన్నాం. ఆమె తలుపు వచ్చే పక్కకు వెళ్లి, బస్సులో ఆఖర్న ఎక్కినవాళ్లు కూర్చున్నట్టు చీర దగ్గరికి లాక్కుని అర బండలో సర్దుకుంది. "నాకు గింత సాలు."

"కాళ్లు చాపు అత్తా."

"సాలు బిడ్డా."

"మోకాళ్లు నొప్పి ఎవరికి, జాకీకా నీకా? చాపు."

కొంచెం చాపింది. నేను గీత గీయకుండా నిలబడే ఉన్నాను. ఇంకొంచెం చాపింది. చివరికి రెండు కాళ్లూ బారచాపి, వెనక్కి చేతులు ఆనించుకుని కూర్చుంది. చుక్క లేచి వచ్చి ఆ కాళ్ల మీద అడ్డంగా పడుకుంది. అప్పుడు నేను వంగి, ఆమె పాదాలకు ఒక జానెడు దూరంలో గీత మొదలుపెట్టి, అందర్నీ కలుపుతూ చుట్టూ తిప్పాను. మా ఆయన బండలు లెక్కపెట్టి తల గోక్కున్నాడు. "ఇది కారు కాదు. బస్సు" అన్నాడు. "అయితే బస్సే వెతకండి" అన్నాను.

అలా దొరికింది ఈ తెల్ల వ్యాను. సెకండ్ హ్యాండ్‌ది. ఏదో కంపెనీ వాళ్లు ఉద్యోగుల్ని తిప్పేవారట. పక్కకు జరిగే తలుపు, మోకాలి ఎత్తులో నేల, పైకప్పు పొడుగునా గాలి వచ్చే రంధ్రాలు. ఒక బెంచీ సీటు తీయించి అక్కడ రబ్బరు చాప పరిచాం. జాకీ దూకాల్సిన పని లేకుండా ఒక అడుగు వేసి ఎక్కేది. మేనత్త కూడా అంతే. అందంలో మాత్రం దానికి సున్నా మార్కులే. "అంబులెన్స్ గిట్ల నడుపుతున్నరా?" అని మా వీధివాళ్లు అడిగితే మా ఆయన ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. మా సందులో దాన్ని వెనక్కి తీయడం నేర్చుకోవడానికి రెండు పూలకుండీలూ, పక్కింటివాళ్ల స్నేహమూ కొంతకాలం పోగొట్టుకున్నాను.

పూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టమంటే మేనత్త వెనక్కి తగ్గింది. "ముత్తయిదువను పిలువు" అంది. నేను వినలేదు. ఆమె చేతే కొట్టించాను. ఆమె కొట్టాక బండికి బొట్టు పెట్టి, కుక్కలకూ పెట్టింది. "గియ్యి గూడ ఎక్కేటియే గద" అంది. జాకీ ఒక కొబ్బరి చెక్క నోట కరుచుకుని వ్యానెక్కి కూర్చుంది, ఎంత పిలిచినా దిగలేదు.

మొదటిసారి ఆమె మాతో చెరువు దగ్గరికి వచ్చింది కందులు పూతకొచ్చిన రోజుల్లో. గుడారంలో పడుకోనంది. వ్యానులో రబ్బరు చాప మీద పరుపు వేసుకుని, తలుపు తెరిచి పెట్టించి, అటూ ఇటూ కుక్కలతో పడుకుంది. తెల్లవారాక నేను లేచేసరికి ఆమె, నాన్న చేను గట్టు మీద నిలబడి ఉన్నారు. మంచుకు తడిసి పసుపుపచ్చటి పూలు బరువుగా వంగి ఉన్నాయి. అవతల నీళ్ల మీద పొగలా మంచు. ఒక కొంగ. ఇంకేమీ లేదు. మేనత్త అటు చివర నుంచి ఇటు చివరిదాకా చూసి, నాన్న వైపు తిరిగింది.

"గింతేనా తమ్మీ?"

"ఏంది అక్కా?"

"మీరు కావలికి పోయి సూసింది గిదేనా? గీ సంబడానికేనా నన్ను తోల్కపోలే?"

నాన్న కూడా చేను వైపు ఓసారి చూశాడు. "గింతే" అన్నాడు. "కాకుంటె సలి ఎక్కువుండె." ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అరవై దాటిన తమ్ముడు, డెబ్బై దాటిన అక్క గట్టు మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. కుక్కలు రెండూ వాళ్ల చుట్టూ మొరుగుతూ తిరిగాయి. నేను గుడారం దగ్గరే ఆగిపోయాను. అది వాళ్లిద్దరిదీ అనిపించింది.

ఆ తర్వాత ఆమె లేకుండా మేము ఎక్కడికీ పోలేదు. వస్తే ఊరికే కూర్చునే రకం కాదు. పొయ్యి ఎక్కడ వేయాలి, గాలి ఎటు నుంచి వస్తుంది, కుక్కల నీళ్ల గిన్నె ఏ నీడన ఉండాలి, అన్నీ ఆమె హుకుమే. రైతు కందికాయలు ఇస్తే ఉప్పేసి ఉడకబెట్టి, ముందు అమ్మాయికి, తర్వాత చుక్కకు వలిచి పెట్టేది. తను ఆఖరున తినే అలవాటు మాత్రం మానలేదు. మేమూ ఊరుకోలేదు. ఆమె పళ్లెం పట్టే దాకా మా అమ్మాయి తినడం మొదలుపెట్టేది కాదు. ఆ మొండితనం ఎవరి పోలికో నాకు తెలుసు.

పోయిన ఏడాది గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పారు. హైదరాబాద్ ఆసుపత్రికి ఆ వ్యానులోనే పడుకోబెట్టి తీసుకెళ్లేదాన్ని. వీధివాళ్లు ఎగతాళికి అన్న మాట అలా నిజమైంది. పడుకుని కూడా ఆమెకు నెమ్మది ఉండేది కాదు. "జాగంత నేనే తిన్న. మీరు ఇరుకు ఇరుకు కూసున్నరు" అని ప్రతి మలుపులోనూ అనేది. అంత పెద్ద వ్యానులో ఉన్నది నేను, ఆమె, నాన్న మాత్రమే. అద్దంలో నాన్న ముఖం చూస్తూ నేను బండి నడిపేదాన్ని. ఒక్కటి మాత్రం చెప్పాలి. నాకు ఈ లోకంలో ఇష్టమైన మనుషుల్లో ఆమె మొదటిది. ఆ సంగతి ఆమెతో నేరుగా ఎప్పుడూ అనలేదు. అంటే "ఊకో పోరీ" అని వంటింట్లోకి వెళ్లిపోయేదని తెలుసు.

ఆమె చివరిసారి మాతో వచ్చింది పోవడానికి కొన్ని వారాల ముందు. వద్దని మా ఆయన అన్నాడు, నేనూ అన్నాను. పక్కింటావిడ అయితే మా మీద కేకలేసింది. మేనత్త ఎవరి మాటా వినలేదు. చుక్క మెడకు తాడు కట్టుకుని, చేతిలో చిన్న సంచితో, మేము వెళ్లేసరికే గేటు బయట ఉంది. "ఎక్కించు బిడ్డా" అంది నాతో. మమ్మల్ని తనంతట తను ఎక్కించమని అడగడం అదే మొదలు.

చెరువు దగ్గర నీళ్లకు ఎదురుగా వ్యాను నిలబెట్టి, పక్క తలుపు మొత్తం తెరిచాను. సాయంత్రపు ఎండ నీళ్ల మీద నుంచి నేరుగా లోపలికి వస్తోంది. మా ఆయనా, అమ్మాయీ గుడారం పనిలో ఉన్నారు. నాన్న పుల్లలు ఏరుతున్నాడు. మేనత్త మెల్లగా జరుగుతూ వచ్చి తలుపు దగ్గర కూర్చుని కాళ్లు బయటికి పెట్టింది. పాదాలు గడ్డిని తాకాయి.

"దిగుతావా అత్తా? కుర్చీ వేస్తాను."

"వద్దు. గీడికెళ్లి అంత అవుపడుతుంది."

జాకీ నీళ్లలోంచి వచ్చి, ఆమె ముందర నిలబడి ఒళ్లంతా విదిలించింది. చీర, చేతులు, కళ్లజోడు అన్నీ తడిసిపోయాయి. తువ్వాలు తీసుకుని పరుగున వెళ్లాను. "ఉండనియ్యి" అంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది, తుడుచుకోలేదు. నాకూ ఆమె పక్కన కాసేపు కూర్చోవాలనిపించింది. తలుపు వెడల్పుగానే ఉంది, ఆమె ఎటో ఒక పక్కకు ఒక్క జానెడు జరిగితే ఇద్దరం పడతాం. ఎవరు దగ్గరికి వచ్చినా జరిగే మనిషి. ఈసారీ జరుగుతుందని నేను నిలబడి చూశాను. ఆమె జరగలేదు. తలుపుకు నడిమధ్యన, రెండు చేతులూ రెండు వైపులా ఆనించుకుని, కాళ్లు బారచాపుకుని, మొహం మీద ఎండ పడుతుంటే నీళ్లకేసి చూస్తూ అలాగే కూర్చుంది. నేను కింద గడ్డి మీద కూర్చున్నాను.